రక్తం గురించి అడిగినప్పుడు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగింది. నేనూ అంతే సూటిగా అబద్ధం చెప్పాను. నోరు తడబడలేదు. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను జీవశాస్త్రం చెబుతాను. మెడికల్ ఎంట్రన్సుకు చదివే పిల్లలు మా దగ్గరికి వస్తారు. మాది కృష్ణా జిల్లా. ఈ ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆదివారం ఉదయాలు సందేహాల క్లాసు. ఆ రోజు పిల్లలు జీవపరిణామం మీద పడ్డారు.

"సార్, మనుషుల్ల ప్రకృతి వరణం ఆగిపోయినట్టేనా?" అంది ముందు వరసలో కూర్చునే అమ్మాయి. "ఇప్పుడు పులుల్లేవు. రోగమొస్తే మందులున్నయి. అందరం బతుకుతున్నం కదా."

"పులుల్లేవని ఎవరన్నరు?" వెనక బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు. "ర్యాంకు రాకుంటే మా డాడీ లేడా?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి, బోర్డు తుడిచి మొదలుపెట్టాను. ప్రకృతి వరణమంటే బలవంతుడు గెలవడమని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి ఎవరి సంతానం మిగులుతుంది, ఎవరిది మిగలదు అన్నదే. ఆ తేడా ఉన్నంతకాలం మనుషుల్లో కూడా అది నడుస్తూనే ఉంటుంది. మందులు వచ్చాక దాని దారి మారింది, వేగం మారింది. పాత ఎంపికల గుర్తులు మాత్రం మన ఒంట్లో అలాగే ఉన్నాయి.

గుర్తు అన్నాను కాబట్టి, ప్రతి ఏడూ చెప్పే ఉదాహరణే చెప్పాను. తలసేమియా. దానికి కారణమైన జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మనిషికి పెద్దగా ఏమీ కాదు. కాస్త రక్తం తక్కువగా కనిపిస్తుంది, అంతే. పైగా మలేరియా ఉన్న చోట అలాంటివాళ్ళు ఎక్కువగా బతికి బయటపడ్డారని, అందుకే ఆ జన్యువు తరాల తరబడి పోకుండా మిగిలిందని శాస్త్రం చెబుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఆ బిడ్డ ఒళ్ళు సరిపడా రక్తం తయారుచేసుకోలేదు. కొన్ని వారాలకోసారి ఎవరిదో రక్తం ఎక్కించాలి. ఆ వీలు లేని రోజుల్లో అలాంటి పిల్లలు చిన్నతనంలోనే పోయేవాళ్ళు.

"అయితే సార్, ఆ జన్యువు ఉన్నోళ్ళు పెండ్లి చేసుకోవద్దా?" మళ్ళీ ఆ అమ్మాయే.

"ఎందుకు చేసుకోకూడదు? నిక్షేపంగా చేసుకోవచ్చు. ముందు పరీక్ష చేయించుకోవాలి. ఉన్నది ఉన్నట్టు అవతలివాళ్ళకు చెప్పాలి. చెప్పకుండా దాచడం తప్పు."

చాలామంది ఆ మాట రాసుకున్నారు.

నేను ఏ ఏడూ వాళ్ళకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ జన్యువు నాలో ఉంది.

మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు నేను రక్తదానానికి వెళితే, నీకే రక్తం తక్కువగా ఉందని తిప్పి పంపారు. ఎన్ని మాత్రలు మింగినా పెరగలేదు. చివరికి ఒక డాక్టరు పరీక్ష చేయించి సంగతి చెప్పాడు. "మీకు దీనివల్ల ఏమీ కాదు. మీ ఆవిడకు కూడా చేయించండి. పిల్లల పెళ్ళిళ్ళప్పుడు మాత్రం మర్చిపోకండి," అన్నాడు. మా ఆవిడకు లేదని తేలింది. అంటే మా ఒక్కగానొక్క కూతురికి పెద్ద జబ్బు రాదు. నాలాగా జన్యువును మోస్తూ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బొమ్మా బొరుసా అన్నట్టు. నాణెం చూడాలంటే పిల్లకు ఒక్క రక్తపరీక్ష చేయిస్తే చాలు. నేను చేయించలేదు. పెద్దయ్యాక చూద్దాంలే అనుకున్నాను. చదువుల్లో పడింది, తర్వాత అనుకున్నాను. ఉద్యోగంలో చేరాక ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెలియనంతవరకూ లేనట్టేనని ఎక్కడో ఒక మూల నమ్ముతూ వచ్చాను. జీవశాస్త్రం చెప్పుకుని బతికేవాడికి ఉండాల్సిన నమ్మకమేనా అది!

మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ కాస్త పాలిపోయినట్టే ఉంటుంది. మా ఆవిడ దానికి రాగిజావ, ఖర్జూరాలు, బీట్‌రూట్ రసం, ఐరన్ మాత్రలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టేది. ఆ మాత్రలవల్ల ఉపయోగం లేకపోవచ్చని నాకు అనుమానం. చూస్తూ ఊరుకునేవాణ్ణి.

క్లాసు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి పెళ్ళి మాటలకు అబ్బాయివాళ్ళు బయల్దేరారని ఫోన్ వచ్చింది. అబ్బాయి మా అమ్మాయి ఆఫీసులోనే పనిచేస్తాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్ళది పెద్ద అంబర్‌పేట్. తాతల నాటి నుంచి అక్కడే భూములున్నవాళ్ళు. పక్కనున్న బాటసింగారానికి పండ్ల మార్కెట్ వచ్చాక అబ్బాయి తండ్రి హైవే పక్కన ఉన్న పొలాన్ని లారీలు ఆపుకోవడానికి కిరాయికి ఇచ్చాడు. అబ్బాయి తల్లి చాలాకాలం కిందటే పోయింది. నాయనమ్మ పెంచింది. వాళ్ళ పద్ధతులు వేరు, మనవి వేరు అని మా ఆవిడ మొదట్లో చాలా గింజుకుంది. ఏడాది నచ్చచెబితే ఒప్పుకుంది. అందుకే ఆ రోజు ఏ చిన్న మాట తేడా వచ్చినా అంతా పోతుందన్న భయం మా ఇంట్లో అందరికీ ఉంది.

అబ్బాయి తండ్రి బత్తాయిల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనక నాయనమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని అబ్బాయి.

"ఏంది సార్, మీ అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ లేదా? మా అమ్మను ఎత్తుకొని తేవాల్సొస్తదనుకున్న," అన్నాడాయన రొప్పుతూ.

"నన్నేం ఎత్తుతవ్‌రా, ముందు నీ బొజ్జను ఎత్తుకో," అంది ఆవిడ, సోఫాలో కూర్చుంటూ. మా అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో గదిలో బిగుసుకున్నది కాస్త సడలింది.

భోజనాల దగ్గర మా ఆవిడ గోంగూర వడ్డించింది. "గోంగూర మాదే మాదే అంటరు మీరు. మా పుంటికూర తిని చూడు బిడ్డా, దీని అక్క లెక్క ఉంటది," అంది నాయనమ్మ. "అయితే ఈసారి మీ ఇంటికొచ్చి తింటాం మామ్మగారూ," అంది మా ఆవిడ. అంతా సవ్యంగా సాగిపోతున్నట్టే ఉంది.

చేతులు కడుక్కున్నాక ఆవిడ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. గడ్డం పట్టి వెలుతురువైపు తిప్పి చూసింది.

"పిల్ల ఏంది, జర పాలిపోయినట్టున్నది?"

"సరిగ్గా తినదండీ. ఐరన్ మాత్రలు వేస్తూనే ఉన్నాం," అంది మా ఆవిడ.

"తినకుంటే అదొక తీరు. తింటుండంగ పాలిపోతే నాకు భయమైతది." ఆవిడ చెయ్యి ఇంకా అమ్మాయి గడ్డం మీదే ఉంది. "నా పిల్లలు ఇద్దరు గట్లనే పోయిండ్రు."

"అమ్మా, ఇప్పుడెందుకు గవన్నీ," అన్నాడు కొడుకు.

"నువ్వూకో. ఇంట్లకు తెచ్చుకునే పిల్లకు తెల్వాలె." మా వైపు తిరిగింది. "మా తల్లిగారిల్లు నాగోల్. నన్ను మా మేనమామకే ఇచ్చి చేసిండ్రు. నలుగురిని కన్న. పెద్దోడు, మూడోది, ఇద్దరికి ఒక్క తీరే. ఏడాది నిండే దాంక మంచిగనే ఉండిరి. ఆనుంచి మొహం తెల్లగ అయితుండె. కడుపు ఉబ్బె, గిక్కడ ఎడమ దిక్కు రాయి లెక్క గట్టిగ. ఎన్ని దవాఖానలు తిరిగినా ఆగలే. నీ పాలల్లనే ఇసముందే అన్నది మా అత్త. అత్తంటే ఎవరో గాదు, మా అమ్మమ్మనే."

మా అమ్మాయి ఆవిడ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"నాగోల్ల అప్పుడు ఏముండె? మూసీ ఒడ్డు, దోమలు. ఇంటింటికి చలిజరం. మా ఇంట్ల మాత్రం ఎవ్వరికి అంత గట్టిగ రాకపోతుండె. అందరం మంచిగనే ఉంటిమి. నా పిల్లలే పోయిండ్రు."

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి కూడా భయమేసింది, చప్పుడవుతుందని. మేనరికం. ఎడమవైపు, ప్లీహం ఉండే చోట, ఉబ్బిన కడుపు. మూసీ ఒడ్డు చలిజ్వరం, అంటే మలేరియా. ఉదయం నేను బోర్డు మీద రాసినదాన్నే ఆవిడ తన పిల్లల చావుగా చెబుతోంది. ఒక మనిషి చెప్పిన మాటలను బట్టి ఏదీ తేల్చకూడదు, నిజమే. కానీ అనుమానించడానికి అంతకంటే ఏం కావాలి? ఆ జన్యువు ఆవిడలో ఉంటే కొడుక్కు వచ్చి ఉండవచ్చు, మనవడికీ వచ్చి ఉండవచ్చు. మా అమ్మాయికి నా నుంచి వచ్చి ఉంటే, ఈ సోఫాలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ ఎలాంటి బిడ్డ పుడుతుంది?

అప్పుడే ఆవిడ అడిగింది.

"సార్, మీరు గీ ఒంటి సంగతులే చెప్తరంట గద పిల్లలకు. మీ ఇంట్ల రక్తానికి సంబంధించిన రోగం ఏమన్న ఉన్నదా? ఉంటే చెప్పున్రి. దాని మీద పెండ్లి ఆపం. నాకు ఎరుకుంటే చాలు."

"లేదమ్మా. మా వంశంలో అలాంటిదేమీ లేదు," అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. ఆమెకు గుర్తొచ్చిందని ఆ చూపులో తెలిసింది. నాయనమ్మ హాయిగా ఊపిరి వదిలి, "ఇగ మంచి రోజు చూడున్రి," అంది. బత్తాయిలు ఒలుచుకుని తిన్నాం.

వాళ్ళు వెళ్ళాక నేను బాల్కనీలో నిలబడ్డాను. ఉదయం ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వదలకుండా తలలో తిరుగుతూనే ఉంది. మనుషుల్లో ప్రకృతి వరణం ఆగిపోయిందా అని. ఎప్పుడో మూసీ ఒడ్డున దోమలు మొదలుపెట్టిన పని, కృష్ణా ఒడ్డున మా పూర్వీకుల్లో ఎవరిలోనో మొదలైన పని, ఇంకా సాగుతూనే ఉంది. ఆ దోమలకు ఏమీ తెలియదు. నాకు అన్నీ తెలుసు. తెలిసి కూడా నా కూతురి బిడ్డను గుడ్డిగా ఆ దారిన నడవమని వదిలేశాను. ఎందుకంటే సంబంధం చెడుతుందని భయపడ్డాను. అంతకంటే ఎక్కువగా, ఇన్నేళ్ళూ చెప్పలేదేమని నా కూతురు అడుగుతుందని భయపడ్డాను.

వంటింట్లో చప్పుడైంది. అమ్మాయి రోజూలాగే నిమ్మరసం కలుపుకుని ఐరన్ మాత్ర చేతిలోకి తీసుకుంటోంది.

"ఆ మాత్ర వేసుకోకు," అన్నాను.

"ఏం, ఎక్స్‌పైర్ అయిందా?"

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. అమ్మాయి మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక మాత్రను తిరిగి రేకులోకి దూర్చబోయింది. అది దూరలేదు. గట్టు మీద పెట్టేసింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"నీకు రెండేళ్ళప్పటి నుంచి."

"ప్రతి ఏడూ ఊళ్ళో పిల్లలందరికీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తావు. ఇంట్లో ఉన్నదానికి మాత్రం బీట్‌రూట్ జ్యూస్." గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "ఇందాక ఆ మామ్మ తన చచ్చిపోయిన పిల్లల గురించి చెప్పింది నాన్నా. ఆవిడ మొహం చూస్తూ ఎలా చెప్పావు?"

"మీరు చెప్తారేమోనని నేనూ చూశాను," అంది మా ఆవిడ గుమ్మంలో నుంచి. "చెప్పరని తెలిశాక నాకూ నోరు రాలేదు. నన్నూ కలుపుకోండి ఈ పాపంలో."

"నేను అతనికి ఫోన్ చెయ్యను," అంది అమ్మాయి. "అబద్ధం నీది. నువ్వే వెళ్ళి వెనక్కి తీసుకో. ఇప్పుడే."

స్కూటర్ తీశాను. మెట్రో స్తంభాల వెంబడి ఎల్బీనగర్ దాకా వెళ్ళాను. జంక్షన్ దాటాక యూటర్న్ దగ్గర బండి పక్కకు ఆపాను. వెనక్కి తిరిగితే ఇంటికి చేరడం ఎంతసేపు? ఫోన్లో చెప్పవచ్చు. పరీక్షలు చేయించాక చెప్పవచ్చు. అబ్బాయికి లేకపోతే అసలు చెప్పే పనే ఉండదు. అక్కడ నిలబడి ఒక్కొక్కటే పేర్చుకున్నాను. అవన్నీ నేను ఇన్నేళ్ళుగా నాకు చెప్పుకుంటున్నవే. ఒక బత్తాయిల లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. దాని వెనకే హైవే ఎక్కాను.

నాయనమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. కొడుకూ మనవడూ లోపలి నుంచి వచ్చారు. నన్ను కూర్చోమన్నా కూర్చోలేదు.

"మధ్యాహ్నం మీకు అబద్ధం చెప్పానమ్మా," అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను.

తండ్రి మొహం ఎర్రబడింది. "మా అమ్మ నోరు తెరిచి అడిగింది గద సార్. పెండ్లి ఆగదని గూడ చెప్పింది. ఇంకేం భయం మీకు?"

"సంబంధం తప్పుతుందని."

"చదువు చెప్పేటోళ్ళు మీరే గిట్ల చేస్తే ఇంకెవరిని అడగాలె?"

అబ్బాయి తన తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

నాయనమ్మ ఇదేమీ విననట్టే ఉంది. "సార్, నా పిల్లలకు గదేనా వచ్చింది?"

"చూడకుండా ఖాయంగా చెప్పలేనమ్మా. అలా కడుపు ఉబ్బడానికి వేరే కారణాలూ ఉంటాయి. మీకు పరీక్ష చేస్తే కొంత తెలుస్తుంది. నాకైతే అదే అనిపిస్తోంది. మీ అమ్మగారి వంశంలో ఉన్నది మీకూ వచ్చింది, మీ మేనమామకూ వచ్చింది. ఇద్దరి నుంచీ వచ్చినది ఆ పిల్లల్లో కలిసింది."

"గట్లయితే నా పాలు గాదు?"

"కాదమ్మా. పాలకూ దానికీ ఏ సంబంధమూ లేదు."

ఆవిడ హైవే వైపు చూసింది. "మా అత్త పోయి ఎన్నేండ్లాయె," అంది. "ఇప్పుడు ఎవరికి చెప్పాలె గీ ముచ్చట?"

మర్నాడు ఎల్బీనగర్‌లో ఒక పరీక్షల కేంద్రానికి అందరం వెళ్ళాం. అబ్బాయికి, అమ్మాయికి చేయిస్తే చాలని చెప్పినా ఆవిడ వినలేదు. "నాది గూడ తీయి. ముసలిదాని రక్తం ఎర్రగుండదా?" అని చీర కొంగు పైకి లాగి చెయ్యి చాపింది. అమ్మాయి నాతో మాట్లాడలేదు. ఫలితాలు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు.

ఆవిడకు ఉంది. మా అమ్మాయికి ఉంది. అబ్బాయికి కూడా ఉంది.

ఇద్దరూ కలిసి డాక్టరును కలిశారు. ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు భయం ఉంటుందని, బిడ్డ కడుపులో ఉండగానే పరీక్ష చేసి తెలుసుకునే వీలుందని, ఏం చేయాలన్నది తమ నిర్ణయమేనని తెలుసుకుని వచ్చారు. పెళ్ళి మానుకోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆ రోజు వచ్చాక అమ్మాయి నా పక్కన కూర్చుంది. "భయంగా ఉంది నాన్నా. కానీ దేనికి భయపడాలో తెలిసి భయపడుతున్నాను. నిన్ను మాత్రం ఇంకా క్షమించలేదు," అంది. క్షమించమని నేను అడగలేదు. ఆ భయం నాకూ పోలేదు. ఇది రాస్తున్నప్పుడూ ఉంది.

తర్వాతి ఆదివారం సందేహాల క్లాసులో, ముందు వరస అమ్మాయికి నేనిచ్చిన జవాబులో ఒక ముక్క దాచానని చెప్పి, నా రక్తం సంగతి చెప్పాను. ఈసారి ఎవరూ రాసుకోలేదు. నా మొహం వైపే చూశారు.

ఆ మధ్యాహ్నం పెద్ద అంబర్‌పేట్ వెళ్ళి నాయనమ్మను నాగోల్ తీసుకువెళ్ళాను. ఆవిడే రమ్మంది. పుట్టింటివాళ్ళు ఇప్పుడు మెట్రో స్టేషన్‌కు దగ్గరలో అపార్ట్‌మెంట్లో ఉంటున్నారు. ఆవిడ తమ్ముడు, అతని కోడళ్ళు, వాళ్ళ పిల్లలు హాలు నిండా కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరికి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఒకటి మేనరికమే. ఆవిడ నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టింది.

"సార్, ముందు నా పాలు గాదన్న ముచ్చట చెప్పు. గట్టిగ చెప్పు, మా తమ్మునికి చెవులు సరిగ వినపడవ్. పరీక్షల ముచ్చట తర్వాత."

ఆవిడ చెప్పిన వరసలోనే చెప్పాను. పాలు కాదని రెండుసార్లు, ఆ తమ్ముడు తల ఊపేదాకా చెప్పాను. తర్వాత, "ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఈ జన్యువు నాలో ఉంది," అని మొదలుపెట్టాను.